పెనాంగ్‌లోని జార్జ్‌టౌన్ ప్రయాణం: తరచుగా అడిగే ప్రశ్నలు

జార్జ్‌టౌన్ ఎక్కడ ఉంది? దానిని చారిత్రక నగరం అని ఎందుకు అంటారు?

మలేషియా పశ్చిమ తీరానికి ఆనుకొని, మలక్కా జలసంధి ఉత్తర ముఖద్వారం దగ్గర పెనాంగ్ అనే ద్వీపం ఉంది. ఆ ద్వీపపు ఈశాన్య కొసన ఉన్న నగరమే జార్జ్‌టౌన్. ఈస్టిండియా కంపెనీ తరఫున ఫ్రాన్సిస్ లైట్ 1786 ఆగస్టులో ఇక్కడ జెండా ఎగరవేసి, ఊరికి మూడవ జార్జి రాజు పేరు పెట్టాడు. సయాం (నేటి థాయ్‌లాండ్) దండెత్తి వస్తే కంపెనీ సైన్యం తనకు అండగా నిలుస్తుందన్న ఆశతో, ఎదుటి తీరంలోని కెడా రాజ్యపు సుల్తాను ద్వీపాన్ని అప్పగించాడు. ఆ సాయం అందకపోవడంతో 1791లో ద్వీపాన్ని తిరిగి తీసుకోవాలని ప్రయత్నించి ఓడిపోయాడు. సుంకాలు లేని రేవుగా ప్రకటించడం వల్ల చైనా, తమిళ తీరం, ఆచే, బర్మా, సయాం, అరేబియా ప్రాంతాల వర్తకులు ఇక్కడికి వచ్చి స్థిరపడ్డారు.

మనవారిలో చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. 1805లో పెనాంగ్‌ను కలకత్తా, మద్రాసు, బొంబాయిల సరసన భారతదేశపు నాలుగవ ప్రెసిడెన్సీగా చేశారు. 1826లో మలక్కా, సింగపూర్‌లతో కలిపిన తరువాత కూడా 1867 వరకు ఈ ప్రాంతం బ్రిటిష్ ఇండియా పాలన కిందనే ఉంది. 1957 జనవరి 1న జార్జ్‌టౌన్‌కు నగర హోదా లభించింది. 2008 జూలైలో మలక్కాతో కలిపి దీనిని యునెస్కో ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించింది. వారసత్వ ప్రాంతం సుమారు 260 హెక్టార్లు మాత్రమే కనుక, ఓపిక ఉన్నవారు దాన్నంతా కాలినడకనే చూడవచ్చు.

ఇక్కడి వీధి భోజనానికి ఇంత పేరు ఎందుకు వచ్చింది?

రేవులో మూటలు మోసేవారు, పడవల వారు, తగరపు గనులకు వెళ్తూ ఇక్కడ ఆగేవారు ఎక్కువగా కుటుంబం లేకుండా వచ్చిన మగవారు. వారికి వండిపెట్టే ఇల్లు లేదు కనుక, తక్కువ ధరకు వేడిగా, కడుపు నిండా పెట్టే వ్యాపారం వీధిలోనే పుట్టింది. ఫుజియాన్ నుంచి వచ్చిన హొక్కియెన్ చైనీయులు, తియోచూ చైనీయులు, తమిళ ముస్లిములు, మలయ్ ప్రజలు ఎవరి వంట వారు తెచ్చుకున్నారు. పక్కపక్క వీధుల్లో ఉండటం వల్ల ఒకరి చింతపండు, మరొకరి నూడుల్స్, ఇంకొకరి మిరపకాయ ముద్ద ఒకే గిన్నెలోకి చేరాయి.

రెండవ కారణం, ఒక బండి ఒకే వంటకానికి కట్టుబడి ఉండటం. తండ్రి వేయించిన నూడుల్స్‌నే కొడుకు, అదే మూల మీద, అదే వేళకు వేయిస్తాడు. ఈ రుచి చెదరకూడదన్న పట్టుదలతో, స్థానిక వంటకాలు అమ్మే బండ్ల దగ్గర విదేశీ కార్మికులు ప్రధాన వంటవారుగా ఉండకూడదని పెనాంగ్ రాష్ట్ర ప్రభుత్వం 2014లో ప్రకటించి, 2016 నుంచి అమలులో పెట్టింది. వలస వచ్చినవారి వంటతోనే పేరు తెచ్చుకున్న ఊరు ఇలాంటి నియమం పెట్టడం కొంత విడ్డూరంగానే అనిపిస్తుంది.

ఎన్ని రోజులు కేటాయించాలి?

కనీసం మూడు పూర్తి రోజులు ఉంచుకోవాలి. కౌలాలంపూర్ యాత్రలో ఒక్క రోజు ఇక్కడికి వచ్చి వెళ్లే ఏర్పాటును మేము సిఫారసు చేయము. దానికి కారణం కట్టడాల సంఖ్య కాదు, బండ్ల వేళలు. ఉదయం ఏడింటికి దొరికే వంటకం పదకొండుకు అయిపోతుంది, మధ్యాహ్నపు వంటకం నాలుగింటికి ముగుస్తుంది, రాత్రి బండ్లు ఆరు దాటాక గాని పొయ్యి వెలిగించవు. దానికి తోడు ప్రతి బండికీ వారంలో ఒకటి రెండు సెలవులుంటాయి, అవి ఒక్కొక్కరికి ఒక్కో రోజు. అందువల్ల ముందుగా తినదలచిన వాటి వేళలను రాసుకుని, వాటి మధ్య ఖాళీల్లో కట్టడాలను పెట్టుకోవడం మేలు. రెండూ ఒకే వీధుల్లో ఉన్నాయి కనుక ఈ పద్ధతి వల్ల నష్టమేమీ లేదు.

ఎలా చేరుకోవాలి? వీసా అవసరమా?

హైదరాబాద్, విశాఖపట్నం నగరాల నుంచి కౌలాలంపూర్‌కు నేరుగా విమానాలు నడిచాయి. అక్కడి నుంచి పెనాంగ్‌కు విమానంలో గంట ప్రయాణం. 2024 డిసెంబరులో చెన్నై నుంచి పెనాంగ్‌కు నేరుగా విమానం మొదలైంది. సర్వీసులు ఋతువును బట్టి మారుతుంటాయి కనుక టికెట్ కొనే ముందు సరిచూసుకోండి. తొందర లేనివారికి మేము చెప్పే దారి రైలు. కౌలాలంపూర్ నుంచి, ద్వీపానికి ఎదురుగా ప్రధాన భూభాగం మీద ఉన్న బట్టర్‌వర్త్ వరకు సుమారు నాలుగు గంటలు రైలులో వెళ్లి, స్టేషను పక్కనే ఉన్న రేవులో ఫెర్రీ ఎక్కితే, జార్జ్‌టౌన్‌ను సముద్రం మీదుగా చేరుకోవచ్చు. ఒకప్పుడు ఈ ఊరికి అందరూ వచ్చిన దారి అదే.

పర్యటన కోసం వచ్చే భారత పౌరులకు, 30 రోజులకు మించని బసకు, 2026 డిసెంబరు 31 వరకు వీసా లేకుండానే మలేషియా ప్రవేశం కల్పించింది. అయితే ప్రయాణానికి ముందు మూడు రోజుల లోపు మలేషియా డిజిటల్ అరైవల్ కార్డును ప్రభుత్వ వెబ్‌సైటులో నింపాలి. దానికి రుసుము లేదు. డబ్బు అడిగే వెబ్‌సైటు కనిపిస్తే అది మధ్యవర్తులదని గ్రహించండి.

ఏ నెలల్లో వెళ్లడం మంచిది?

ఏడాది పొడవునా వేడి, ఉక్కపోత తప్పవు. డిసెంబరు నుంచి ఫిబ్రవరి వరకు వాన తక్కువ, సెప్టెంబరు నుంచి నవంబరు వరకు ఎక్కువ. చైనీస్ కొత్త సంవత్సరం రోజుల్లో ఊరు అందంగా ఉంటుంది గాని, చైనీస్ బండ్లు చాలావరకు మూసి ఉంటాయి. తినడానికే వచ్చేవారు ఆ వారాన్ని తప్పించుకోవాలి.

మొదటిసారి వచ్చినవారు తప్పక రుచి చూడవలసినవి ఏవి?

చార్ క్వే తియావ్ నుంచి మొదలుపెట్టవచ్చు. వెడల్పాటి బియ్యపు నూడుల్స్‌ను రొయ్యలు, గుడ్డు, మొలకలు, ఉల్లికాడల వంటి ఆకులతో పెద్ద ఇనుప మూకుడులో పెనుమంట మీద వేయిస్తారు. మంచి వంటవాడు ఒకసారికి ఒకటి రెండు ప్లేట్లకు మించి వేయడు, ఎందుకంటే మూకుడు నిండితే వేడి తగ్గి నూడుల్స్ వేగకుండా ఉడికిపోతాయి. మాడీ మాడని ఆ పొగ వాసనే ఈ వంటకానికి ప్రాణం. ఆలస్యం ఎక్కువైందని విసుక్కునే ముందు ఆ సంగతి గుర్తుంచుకోవాలి. బొగ్గుల పొయ్యి మీద వేయించేవారు ఇంకా కొందరున్నారు.

అస్సాం లక్సా తెలుగువారి నాలుకకు అన్నిటికన్నా దగ్గరైనది. చేపను ఉడికించి, చిదిమి, చింతపండు పులుసులో కలిపి, లావుపాటి బియ్యపు నూడుల్స్ మీద పోస్తారు. పైన అనాస ముక్కలు, కీరా, పుదీనా, ఉల్లిపాయ, అల్లం జాతికి చెందిన బుంగా కాంతాన్ అనే పువ్వు తరుగు వేసి, చివరగా హే కో అనే నల్లని తీపి రొయ్యల పాకం ఒక గరిటె ఇస్తారు. చేపల పులుసుతో పెరిగినవారికి మొదటి గరిటె పరిచయంగానే ఉంటుంది, ఆ పాకం కలిశాక మాత్రం రుచి పూర్తిగా మరో దారి పడుతుంది. సింగపూర్‌లో కొబ్బరిపాలతో చేసే లక్సాకూ దీనికీ పేరులో తప్ప పోలిక తక్కువ.

హొక్కియెన్ మీ అంటే ఇక్కడ రొయ్య పెంకులు, పంది ఎముకలు గంటల తరబడి మరిగించిన ఎర్రని చారులో నూడుల్స్. కౌలాలంపూర్‌లో అదే పేరుతో నల్లటి సోయాలో వేయించిన నూడుల్స్ ఇస్తారు కనుక, అక్కడ తిని నచ్చలేదని ఇక్కడ వదులుకోవద్దు.

నాసి కందర్ తమిళ ముస్లిములది. ఒకప్పుడు కావడికి ఒక వైపు అన్నం, మరో వైపు కూరలు వేలాడదీసుకుని రేవు కూలీలకు అమ్మేవారు. ఇప్పుడవి పెద్ద హోటళ్లయ్యాయి. కాంబెల్ వీధిలోని హమీదియా 1907 నుంచి నడుస్తోంది. అన్నం మీద కోడి, చేప, బెండకాయ వంటివి మనం చూపించినవి పెట్టి, నాలుగైదు కూరల పులుసును కలిపి పోస్తారు. ఆ పులుసు అన్నాన్ని ముంచెత్తాలని అడగదలిస్తే ‘బంజిర్’ అనండి. విడివిడిగా కావాలని అడిగితే ఇస్తారు గాని, అప్పుడు తిన్నది నాసి కందర్ అనిపించుకోదు.

ఇవి కాక పంది మాంసాన్ని సోయా పొరలో చుట్టి వేయించిన లోర్ బాక్, ఆల్చిప్పల అట్టు, కూరగాయ ముక్కలు, వడల మీద తియ్యని చిలగడదుంప పాకం పోసి ఇచ్చే పసెంబూర్ ఉన్నాయి. ఎండవేళ చెండోల్ తప్పదు. తురిమిన ఐసు మీద కొబ్బరిపాలు, ఎర్ర రాజ్మా, బియ్యప్పిండితో చేసిన పచ్చని పోగులు, నీరాతో కాచిన బెల్లం పాకం వేస్తారు. పెనాంగ్ రోడ్డు పక్క సందులోని చెండోల్ బండి 1936 నాటిది.

బండి దగ్గర ఆర్డర్ ఎలా ఇవ్వాలి?

కొపితియం అనే పాతకాలపు కాఫీ హోటల్లో యజమాని పానీయాలు మాత్రమే అమ్ముతాడు, వంటకాల బండ్లు అద్దెకు నిలిచినవి. ముందు ఖాళీ బల్ల చూసుకుని దాని నంబరు గుర్తుపెట్టుకోండి. కావలసిన బండి దగ్గరికి వెళ్లి వంటకం, బల్ల నంబరు చెప్పి వస్తే వారే తెచ్చి ఇచ్చి, అప్పుడే డబ్బు తీసుకుంటారు. నాలుగు బండ్ల నుంచి నాలుగు రకాలు తెప్పించుకున్నా ఎవరూ ఏమీ అనుకోరు. పానీయం మాత్రం ఆ హోటల్లోనే తీసుకోవడం మర్యాద. కొన్నిచోట్ల తీసుకోనివారి దగ్గర చిన్న మొత్తం వసూలు చేస్తారు. పాలు లేని కాఫీని ‘కొపి ఓ’ అని, చక్కెర వద్దంటే ‘కోసొంగ్’ అని, పార్సెల్ కావాలంటే ‘బుంగ్‌కుస్’ అని అడగాలి. టిప్పు ఇచ్చే అలవాటు లేదు.

శాకాహారులు ఇక్కడ ఇబ్బంది పడతారా?

ముందుగా తెలుసుకోకుండా వస్తే పడతారు, తెలుసుకుని వస్తే పడరు. ముక్కలు ఏరివేసినంత మాత్రాన వంటకం శాకాహారం కాదు. బెలచాన్ అనే పులియబెట్టిన రొయ్యల ముద్ద ఆకుకూర వేపుడులోనూ, పచ్చడిలోనూ ఉంటుంది. ఎండు నెత్తళ్లు, ఆల్చిప్పల సాస్, పంది కొవ్వు కంటికి కనిపించకుండా కలుస్తాయి. పప్పుతో తింటామని రోటీ చనాయ్ అనే పొరల పరోటా అడిగినా, చాలా హోటళ్లలో పప్పు మీద చేపల పులుసు కలిపి పోస్తారు కనుక ‘దాల్ మాత్రమే’ అని గట్టిగా చెప్పాలి.

నమ్మదగిన దారులు రెండు. మొదటిది భారతీయుల దుకాణాలుండే లిటిల్ ఇండియా పేటలోని శాకాహార హోటళ్లు: ఇడ్లీ, దోసె, అరటాకు భోజనం. రెండవది చైనీస్ బౌద్ధ శాకాహారం. ఇది మనవారిలో చాలామంది ప్రయత్నించకుండానే వదిలేసేది, మా దృష్టిలో మాత్రం మొదట ప్రయత్నించవలసినది. ఈ బండ్లలో మాంసం, చేప ఉండవు సరికదా, సంప్రదాయం పాటించేవారు ఉల్లి, వెల్లుల్లి కూడా వాడరు. చార్ క్వే తియావ్, లక్సా వంటివాటి శాకాహార రూపాలు ఇక్కడే దొరుకుతాయి. సోయాతో, గోధుమ మాంసకృత్తులతో చేసిన ముక్కలు చూడటానికి అచ్చం మాంసంలా ఉంటాయి, కంగారు పడనవసరం లేదు. హొక్కియెన్‌లో ‘చియా చాయ్’ అంటే శాకాహారం తింటామని అర్థమవుతుంది. మలయ్‌లో ‘తక్ మావు దగింగ్, ఇకాన్, ఉదాంగ్, తెలూర్’ అంటే మాంసం, చేప, రొయ్య, గుడ్డు వద్దని.

తేదీలు మన చేతిలో ఉంటే ఇంకొక అవకాశం ఉంది. చైనీయుల చాంద్రమానంలో ప్రతి నెలా మొదటి రోజు, పదిహేనవ రోజు చాలామంది భక్తులు మాంసం ముట్టరు. అవి దాదాపు మన అమావాస్య పాడ్యముల వేళ, పౌర్ణమి నాడు వస్తాయి. తొమ్మిదవ చాంద్రమాసంలో మొదటి తొమ్మిది రోజులు నవ చక్రవర్తి దేవతల పండుగ జరుగుతుంది. అప్పుడు నగరమంతటా పసుపు జెండాలు కట్టిన శాకాహార బండ్లు వెలుస్తాయి. అధికమాసాల తేడా వల్ల కొన్ని సంవత్సరాల్లో తప్ప, ఈ తొమ్మిది రోజులు మన శరన్నవరాత్రులతోనే కలిసి వస్తాయి. 2023లోనూ 2024లోనూ రెండు పండుగలూ ఒకే రోజున మొదలయ్యాయి. దసరా సెలవుల్లో వచ్చే శాకాహార కుటుంబానికి ఇంతకన్నా మంచి వేళ లేదు.

మాంసాహారులమే, కాని గొడ్డు మాంసం, పంది మాంసం తినము. ఏం చేయాలి?

మలయ్, తమిళ ముస్లిం హోటళ్లలో పంది మాంసం, పంది కొవ్వు ఉండవు. అయితే అక్కడ ‘దగింగ్’ అని రాసి ఉన్నది సాధారణంగా గొడ్డు మాంసమే. చైనీస్ బండ్లలో పరిస్థితి దీనికి తారుమారు: గొడ్డు మాంసం అరుదు, పంది సామాన్యం. కరుణకు ప్రతీకగా భావించే బోధిసత్త్వుడు అవలోకితేశ్వరుని కొలిచే చైనీయులు చాలామంది తామే గొడ్డు మాంసం తినరు కనుక ఆ అభ్యంతరాన్ని వెంటనే అర్థం చేసుకుంటారు. చార్ క్వే తియావ్‌ను పంది కొవ్వు లేకుండా తినదలిస్తే ముస్లింలు నడిపే బండి చూసుకోండి.

వీధిలో తినడం ఆరోగ్యానికి ప్రమాదమా?

రద్దీ ఉన్న బండి దగ్గర, కళ్ల ముందు వేడిగా వండినది తింటే భయపడనవసరం లేదు. చార్ క్వే తియావ్‌లో వేసే చిన్న గవ్వచేపలు సగం పచ్చిగా ఉంటాయి, పొట్ట సున్నితమైనవారు వద్దని చెప్పాలి. మంచినీళ్లు సీసాలో కొన్నవి తాగండి. వేరుశనగ పడనివారు సాస్‌ల గురించి తప్పక అడగాలి. సాయంత్రం వీధిలో కూర్చునేవారికి డెంగ్యూ దోమల నుంచి రక్షణకు పూత మందు అవసరం.

ఖర్చు ఎంత అవుతుంది?

బండి దగ్గర నూడుల్స్ ప్లేటు సాధారణంగా 8 నుంచి 12 రింగిట్ల మధ్య ఉంటుంది, రొయ్యలు పెద్దవైతే ఎక్కువ. రింగిట్‌కు సుమారు 20 రూపాయలని లెక్క వేసుకోండి. ప్లేట్లు చిన్నవి, ఇద్దరు కలిసి పంచుకుంటే ఒక పూటలో మూడు నాలుగు రకాలు చూడవచ్చు. చిన్న నోట్లు దగ్గర ఉంచుకోవాలి.

పేరుమోసిన బండి దగ్గర గంటసేపు వరుసలో నిలబడటం అవసరమా?

మా అభిప్రాయంలో అవసరం లేదు. మంచి భోజనశాలలను ఎంపిక చేసి ప్రకటించే మిషెలిన్ గైడ్ 2022 చివరిలో పెనాంగ్‌కు వచ్చిన తరువాత కొన్ని బండ్ల దగ్గర వరుసలు పెరిగాయి. వాటికీ పక్క వీధిలోని మంచి బండికీ రుచిలో ఉన్న తేడా గంట నిరీక్షణకు తగినంత కాదు. ఉద్యోగులు, ముసలివారు పళ్లెం ముందు కూర్చున్న బండిని ఎంచుకుంటే చాలు. రాత్రివేళ చూలియా వీధి, కింబర్లీ వీధి, న్యూ లేన్ ఇందుకు అనువైనవి. గర్నీ డ్రైవ్ ప్రాంగణం పర్యాటకుల కోసం అన్నట్లు ఉంటుంది. కుటుంబంతో వచ్చి ఒకేచోట అన్నీ చూడాలనుకునేవారికి సౌకర్యమే.

తినడం కాక చూడవలసినవి ఏవి?

ముందుగా వీధులే. కింద దుకాణం, పైన ఇల్లు, ముందు అయిదడుగుల వరండా, లోపల వెలుతురు కోసం వదిలిన మండువాతో పొడవుగా సాగే ఇళ్లు వేలల్లో ఉన్నాయి. ఇవి నిలిచి ఉండటానికి ఒక కారణం పాత అద్దె నియంత్రణ చట్టం. దశాబ్దాల పాటు అద్దెలు పెరగకపోవడంతో యజమానులు ఇళ్లను పడగొట్టలేదు, అలాగని బాగుచేయనూ లేదు. ఆ చట్టాన్ని రద్దు చేసి, 2000 సంవత్సరం మొదటి నుంచి అద్దెలను వదిలేశాక పాత కుటుంబాలు చాలా తరలిపోయాయి. ఇప్పుడు అందంగా రంగులు వేసిన హోటళ్లను చూసేటప్పుడు ఆ సంగతి మనసులో ఉంచుకోవడం న్యాయం.

మస్జిద్ కపితాన్ కెలింగ్ వీధిలో 1818 నాటి సెయింట్ జార్జ్ చర్చి, అవలోకితేశ్వర ఆలయం, 1801లో తమిళ ముస్లిములు స్థాపించిన మసీదు కొద్ది నిమిషాల నడక దూరంలో ఉన్నాయి. వెనుక క్వీన్ వీధిలో 1833 నాటి శ్రీ మహామారియమ్మన్ గుడి ఉంది. చైనీస్ వంశాల సంఘభవనాల్లో ఖూ కొంగ్సీ అతి విలాసమైనది. దాని పైకప్పు చెక్కడాలకే అరగంట పడుతుంది. లీత్ వీధిలోని చియాంగ్ ఫాట్ జీ అనే చైనీస్ వర్తకుని నీలి రంగు భవనాన్ని గైడుతో చూడాలి. కార్న్‌వాలిస్ కోట పేరు పెద్దది గాని అక్కడ యుద్ధమేదీ జరగలేదు, తొందరలో ఉన్నవారు వదిలేయవచ్చు. నీటిపై కర్రస్తంభాల మీద నిలిచిన చ్యూ వంశపు రేవు గ్రామంలో జనం నిజంగా కాపురముంటున్నారు, గుమ్మాల్లోకి కెమెరా పెట్టవద్దు. ఆర్మీనియన్ వీధిలో 2012లో వేసిన గోడ బొమ్మల ముందు ఫోటో కోసం బారులు తీరడం మీ ఇష్టం.

ఊరి బయట 833 మీటర్ల పెనాంగ్ హిల్‌కు వాలు రైలు ఉంది. కొండ కిందే ఎయిర్ ఇతామ్ దగ్గర కెక్ లోక్ సీ ఆలయం, 1930లో పూర్తయిన పదివేల బుద్ధుల గోపురం ఉన్నాయి. రెండింటినీ ఒకే ఉదయం పెట్టుకుని, దిగివచ్చాక అక్కడే లక్సా తినవచ్చు.

లిటిల్ ఇండియాలో తెలుగు వినిపిస్తుందా?

అరుదుగా. ఇక్కడ నడిచేది తమిళం. ఉత్తరాంధ్ర నుంచి రబ్బరు, కొబ్బరి తోటలకు కూలీలుగా వెళ్లిన తెలుగువారి సంతతి మలేషియాలో గణనీయంగానే ఉంది గాని, వారి పల్లెలు ఎక్కువగా పెరాక్ రాష్ట్రంలో, ముఖ్యంగా బగాన్ దతుక్ ప్రాంతంలో ఉన్నాయి. కాస్త తమిళం వచ్చినవారికి పెనాంగ్‌లో పని సులువవుతుంది.

తైపూసం వేళ వెళ్లవచ్చా?

జనాన్ని తట్టుకోగలిగితే తప్పక వెళ్లండి. జనవరి లేదా ఫిబ్రవరిలో వచ్చే ఈ పండుగకు రథం లిటిల్ ఇండియా నుంచి బయలుదేరి వాటర్‌ఫాల్ రోడ్డులోని సుబ్రహ్మణ్యస్వామి కొండగుడికి వెళుతుంది. మెట్లు 513. రథం దారిలో చైనీయులు కూడా కొబ్బరికాయలు కుప్పలు పోసి కొడతారు. దారి పొడవునా పందిళ్లలో ఉచితంగా శాకాహార భోజనం పెడతారు. ఆ రోజుల్లో గదులు నెలల ముందే నిండిపోతాయి.

నగరంలో ఎలా తిరగాలి?

వారసత్వ ప్రాంతంలో నడక, దూరాలకు ర్యాపిడ్ పెనాంగ్ బస్సు లేదా ఫోన్ యాప్‌లో పిలిచే గ్రాబ్ కారు. పాత వీధులను చుట్టే ఉచిత బస్సు కూడా ఉంది. వరండాలు ఎగుడుదిగుడుగా ఉండి, మధ్యలో మెట్లు వస్తాయి కనుక చక్రాల కుర్చీ ఉన్నవారికి కష్టం. పెద్దవారిని ఉదయం ఎనిమిదికి ముందు, ఎండ ముదరకముందే బయటికి తీసుకువెళ్లాలి.

ఇంటికి ఏమి తెచ్చుకోవచ్చు?

జాజికాయ. కంపెనీ కాలంలో ఈ ద్వీపంలో సుగంధ ద్రవ్యాల తోటలు వేశారు, జాజికాయ సాగు నేటికీ బాలిక్ పులావ్ వైపు మిగిలి ఉంది. కాయ కండను చక్కెరలో ఊరబెట్టి అమ్ముతారు, రసం సీసాల్లో దొరుకుతుంది. పెసరపప్పు పూర్ణం పెట్టిన తౌ సార్ పియా బిస్కట్లు కూడా ప్రసిద్ధమే, అయితే కొన్ని దుకాణాల్లో పిండిలో పంది కొవ్వు కలుపుతారు. శాకాహారులకు పంచదలిస్తే కొనేముందు అడిగి, పెట్టె మీద రాసినది చదివించుకోండి.